పెద్దదొడ్డివారి కారుకి పండగ మేత

రెండువేల పదకొండో సంవత్సరం, ఎండాకాలం. ఆవకాయకి కాయలు కోసే రోజులు. గరువుపాలెంలో పెద్దదొడ్డివారు కారు కొన్నారు.

పెద్దదొడ్డివారంటే ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు యలమంద, నడిపివాడు అంకబాబు, చిన్నవాడు పున్నారావు. వాళ్ళమ్మ రత్తమ్మ, యలమంద పెళ్ళాం శేషమ్మ. వీళ్ళు కాక ఇరవై గేదెలు. ఆ ఇంట్లో తెలివి ఉన్నది గేదెలకేనని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఇంట్లోవాళ్ళు మాత్రం తెలివంతా తమ దగ్గరే ఉందనుకునేవాళ్ళు.

రత్తమ్మ రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, "మనింట్లో ఉన్న తెలివి ఊరంతా పంచినా ఇంకా మనకి మిగిలిద్దిరా అబ్బాయ్" అనేది.

"పంచబాకమ్మా, అయిపోయిద్ది" అనేవాడు యలమంద.

ఆ తెలివి వల్లనే పున్నారావుకి ముప్పై నాలుగేళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు. మొదటి సంబంధం చూడబోయినప్పుడు పిల్ల తండ్రి మర్యాదగా, "ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. సరేనని అందరూ అనుకున్నారు. కాఫీ తాగి వచ్చేటప్పుడు యలమంద వాళ్ళ పందిరి మంచం విప్పి ట్రాక్టర్లో వేశాడు. అంతే, ఆ సంబంధం పోయింది. మంచం కూడా పోయింది, వెనక్కి ఇచ్చేశారు కాబట్టి. తర్వాతి రెండు సంబంధాలూ అట్లాంటి కారణాలతోనే పోయాయి.

నాలుగోది చింతలవరం సంబంధం. పిల్ల పేరు నీరజ, బియ్యే చదివింది. వాళ్ళ నాన్న రంగనాయకులు మాట అంటే మాటే అనే మనిషి. పిల్లవాడు బుద్ధిమంతుడని విని ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు.

"పెళ్ళికొడుకు ట్రాక్టర్లో వస్తే మా వీధిలో మేం తలెత్తుకోలేం. పెద్ద కారు, సొంత కారు, వెనక డిక్కీ పొడుగ్గా ఉండే కారు కావాలి. పదకొండు గంటల ముహూర్తానికి మా పందిట్లో మీవాడు ఆ కారులోంచి దిగాలి. దిగకపోతే మా మేనల్లుడు తలంటుకుని, పట్టుపంచె కట్టుకుని పక్కనే కూర్చుని ఉంటాడు. వాడితో కట్టించేస్తాను తాళి."

పున్నారావు ఆ రాత్రి అన్నం తినలేదు. "అన్నా, ఈసారి కూడా తప్పిపోతే ఇంక నేను గేదెల్లోనే ముసలాణ్ణయిపోతా" అన్నాడు.

"గేదెల్లో ముసలాడివి కావటానికి నువ్వేమన్నా దున్నపోతువంట్రా?" అన్నాడు యలమంద. మర్నాడే కాలవ పక్క మాగాణి బేరం పెట్టాడు.

అన్నదమ్ములు ముగ్గురూ ట్రాక్టరెక్కి గుంటూరు వెళ్ళారు. వెంట ఒక కొత్త పలుపుతాడు, పాలలో నీళ్ళెన్నో చెప్పే పాలమీటరు, మూడు పూటలకి సరిపడా సద్ది తీసుకెళ్ళారు.

మా వైపు గేదెని కొనటానికి ఒక పద్ధతి ఉంది. అమ్మేవాడు చెప్పిన మాట నమ్మి డబ్బివ్వం. వాడి దొడ్లోనే మూడు పూటలు కూర్చుని, అది ఏం మేస్తోంది, ఎన్ని పాలు ఇస్తోంది కళ్ళారా చూస్తాం. తర్వాత అమ్మినవాడు తన పలుపు విప్పుకుంటాడు, కొన్నవాడు తన పలుపు కట్టుకుంటాడు. అప్పుడే గేదె చేయి మారినట్టు. ఇది మంచి పద్ధతి. గేదెలకి.

కార్ల షోరూము నిండా అద్దాలు. లోపల చల్లగా ఉంది. మెడకి టై కట్టిన కుర్రాడొకడు ఎదురొచ్చాడు, పేరు ప్రవీణ్.

"రండి సార్, ఏం చూస్తారు?"

"ముందు పళ్ళు చూస్తాం" అన్నాడు అంకబాబు. తెల్లగా మెరుస్తున్న ఒక పెద్ద కారు ముందు గొంతుక్కూర్చుని, ముందువైపు ఉన్న ఇనప చువ్వలన్నీ వేలితో తడిమాడు. "అన్నా, పళ్ళన్నీ ఉన్నయ్యి. ఇంకా అరగలా. తొలిచూలుదే."

యలమంద తల ఊపి ప్రవీణ్ వైపు తిరిగాడు. "ఏం మేసిద్దయ్యా ఇది?"

ప్రవీణ్‌కి కాసేపు పట్టింది. "పెట్రోల్‌ది ఉంది సార్, డీజిల్‌దీ ఉంది. చూడ్డానికి రెండూ ఒకటే."

"పూటకి ఎంత ఇచ్చిద్ది?"

"మైలేజా సార్? పెట్రోల్‌ది లీటరుకి పదకొండు కిలోమీటర్లు. డీజిల్‌ది పదిహేడు."

"మాట కాదు బాబూ, చూపించు. మూడు పూటలు కూర్చుంటాం" అని యలమంద కారు పక్కనే కండువా పరిచాడు.

ఇంకేముంది, ముగ్గురూ అక్కడే కూర్చున్నారు, అక్కడే సద్ది తిన్నారు. రాత్రి షోరూము మూసేస్తే అద్దాల బయట మెట్ల మీద పడుకుని, లోపలున్న కారుని వంతులవారీగా చూశారు. మర్నాడు మధ్యాహ్నానికి మూడు పూటలూ పూర్తయ్యాయి. యలమంద ముఖం వెలిగిపోయింది.

"ఒరే, మూడు పూటల్లో చుక్క కూడా ముట్టుకోలేదురా! ఇంత తక్కువ మేతతో బతికేదాన్ని నా జన్మలో చూళ్ళేదు!"

"నడపలేదు కద సార్" అన్నాడు ప్రవీణ్.

"అదే చెప్తన్నా. నిలబడి ఉంటేనే ఇంత ఆదా, ఇంక నడిస్తే ఎంత ఉంటదో!"

ప్రవీణ్ మంచివాడు. అబద్ధం చెప్పి అమ్ముకోవచ్చు, చెప్పలేదు. "సార్, డీజిల్ చవకే, మైలేజీ ఎక్కువే. కానీ డీజిల్ కారు ఖరీదు ఎక్కువ. నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగితేనే ఆ ఎక్కువ ఇచ్చింది మీకు తిరిగి వచ్చేది. మీరు నెలకెంత తిరుగుతారు?"

"మేం ఎక్కడికీ తిరగం" అన్నాడు యలమంద.

"అయితే పెట్రోల్‌దే తీసుకోండి సార్. మీకదే లాభం."

"పదిహేడు ఇచ్చేదాన్ని ఎదురుగా పెట్టుకుని పదకొండు ఇచ్చేదాన్ని తోలుకుపోతే మా ఊళ్ళో గేదెలు కూడా నవ్వుతయ్యి. డీజిల్‌దే ఇవ్వు. రెండు వేలు తిరగాలంటే తిరుగుతాం."

"మీకు తిరిగే పని లేదన్నారుగా?"

"పని లేకపోతే ఏందయ్యా, లాభం ఉందిగా!"

ప్రవీణ్ ఇంక వాదించలేదు. కారు ఇచ్చేటప్పుడు మైలేజీ బాగా రావటానికి పాటించాల్సినవి చెప్పాడు. బండిలో అనవసరపు బరువు వేయొద్దు, బరువు పెరిగితే మైలేజీ తగ్గుతుంది. ఏసీ వాడకపోతే మంచిది. అద్దాలు ఎత్తి ఉంచితే గాలి అడ్డం పడదు. మాటిమాటికీ బ్రేకు తొక్కొద్దు. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను ఆపేయండి. అన్నీ చెప్పాడు. డీజిల్ కారుకి డీజిలే పోయాలన్న ఒక్క మాట మాత్రం చెప్పలేదు. అది కూడా చెప్పాలా ఎవరికైనా?

చెప్పాల్సింది.

యలమంద కొత్త పలుపు కారు ముందు కట్టాడు. "పలుపు పట్టకుండా తెచ్చుకున్న గొడ్డు మనది కాదు" అని, ట్రాక్టరు వెనక వేలాడుతూ పలుపు కొస చేత్తో పట్టుకున్నాడు. పున్నారావు ట్రాక్టరు తోలాడు. అంకబాబుకి ట్రాక్టరు తోలటం వచ్చు కాబట్టి కారెక్కాడు. గుంటూరు నుంచి గరువుపాలెం దాకా దారిలో జనం పనులాపి చూశారు. చూస్తారు మరి, అంత మంచి కారు.

ఇంటి దగ్గర రత్తమ్మ ఎర్రనీళ్ళు దిగదుడిచి, కారు నుదుట బొట్టు పెట్టి, దొడ్లో గేదెల పక్కన చోటు చూపించింది.

మర్నాటి నుంచి లాభం పని మొదలైంది. నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరగాలి. ఎక్కడికి? దొడ్లో గడ్డివామి ఉంది. అంకబాబు పొద్దున్నే కారెక్కి వామి చుట్టూ తిరగటం మొదలుపెడితే పొద్దుగూకేదాకా తిరిగేవాడు.

పక్కింటి కోటిలింగం గోడ మీంచి తొంగి చూశాడు. "ఎక్కడికి అంకబాబూ ప్రయాణం?"

"ఎక్కడికీ కాదు బాబాయ్! ఆదా చేస్తన్నా!"

"డీజిల్ అయిపోవటల్లా?"

"ఎందుకు అవటల్లా? రెండు పీపాలు అయిపోయింది. ఎంత అయిపోతే అంత లాభం!"

కోటిలింగం గోడ దిగి లోపలికెళ్ళి కాసేపు మంచం మీద పడుకున్నాడట. గేదెలు మాత్రం కట్టు కొయ్యల దగ్గర్నుంచి కదల్లేవు కాబట్టి, తిరిగే కారుని చూసి చూసి కళ్ళు తిరిగి పాలు తగ్గించాయి. "పాలు తగ్గితే తగ్గినయ్యి, మైలేజీ పెరుగుతోంది" అన్నాడు యలమంద.

కానీ కారులో చూపించే అంకె పదిహేడు రాలేదు. పద్నాలుగు దగ్గర ఆగింది. అందరూ కూర్చుని ఆలోచించారు.

"బరువు" అంది శేషమ్మ. "ఆ అబ్బాయి చెప్పాడంటగా, అనవసరపు బరువు వద్దని. కారులో అనవసరపు బరువేంది?"

చూశారు. తోలేవాడికి స్టీరింగు కావాలి, తోలేవాడి సీటు కావాలి. మిగిలినవి ఎవరికి కావాలి? అంతే, వెనక సీటు ఊడదీశారు. పక్క సీటు ఊడదీశారు. స్టెప్నీ తీశారు, కాళ్ళ కింద పట్టాలు తీశారు. వెనక సీటు తెచ్చి అరుగు మీద వేస్తే రత్తమ్మ దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, "అబ్బ, ఎంత మెత్తగా ఉందిరా! ఇంత సుఖం కారులో ఎట్టా దొరికిద్ది?" అంది.

"ఇంకా బరువుంది" అన్నాడు యలమంద, తమ్ముడి పొట్ట వైపు చూస్తూ. "ఒరే అంకబాబూ, నువ్వు రాత్రిపూట అన్నం మానెయ్."

"నేనెందుకు మానెయ్యాలి? ఆ స్టీరింగు కూడా తీసెయ్యండి, అది నాకంటే అనవసరం. వామి చుట్టూ తిరిగేదానికి ఒక్కసారి తిప్పి కట్టేస్తే చాలు."

ఆ మాట బానే ఉందనిపించింది గానీ తాడు చాలలేదు.

తర్వాత ఏసీ కట్టేసి అద్దాలు ఎత్తేశారు. రోహిణి కార్తె ఇంకా రాలేదు గానీ ఎండ ముందే వచ్చింది. లోపల అంకబాబు ఆవిరి కుడుములా ఉడికాడు. శేషమ్మకి మరిది మీద జాలేసింది. గోనెపట్టాలు తడిపి కారంతా కప్పింది, ముందు అద్దం కూడా.

"వదినా, నాకేం కనపట్టల్లేదు!" అని లోపల్నుంచి కేక.

"కనపట్టానికేముందయ్యా! పొద్దున చూసిన వామేగా!"

బ్రేకు మాటిమాటికీ తొక్కొద్దన్నారు కదా. అసలు తొక్కకపోతే ఇంకా మంచిది అనుకున్నాడు అంకబాబు. కళ్ళకి గోనె, కాలికి బ్రేకు లేదు. ఇంకేముంది, కారు వామి చుట్టూ తిరగటం మాని వామిలోకి వెళ్ళింది. సగం వామి కారు మీద పడింది. గేదెలు సంతోషించాయి.

"ఆపటానికి బ్రేకెందుకురా, పలుపుందిగా" అన్నాడు యలమంద. మర్నాడు పలుపు ఒక కొస కారు ముందు కట్టి, రెండో కొస గుంజకి కట్టాడు. గుంజకి అవతలి వైపుకి కారు తోలమన్నాడు. తాడు అయిపోయిన చోట కారు గట్టిగా ఒక గుంజు గుంజింది. కారు ఆగలేదు. ముందు పళ్ళతో సహా బంపరు పట్టీ మొత్తం ఊడి గుంజ దగ్గర మిగిలింది.

అప్పుడు పున్నారావు ఆ పట్టీ ఎత్తి చూసి, "పది కేజీలుంటది!" అన్నాడు.

"పది కేజీలా! పోయిందిరా బరువు!" అని యలమంద తమ్ముణ్ణి కావిలించుకున్నాడు.

ఇట్లా ఆదా చేస్తూ చేస్తూ ఉండగా పెళ్ళిరోజు వచ్చింది.

తెల్లారగానే ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకున్నారు. కారుకీ పోశారు. పసుపు రాశారు. పక్క అద్దాలు రెంటికీ కొమ్ములకి వేసినట్టు ఎర్రరంగు వేశారు, మెడలో గంటలు కట్టారు. అంకబాబు డీజిల్ క్యాను ఎత్తుకుని వస్తుంటే రత్తమ్మ అడ్డుపడింది.

"ఆగరా. పండగపూట గేదెకి ఏం పెడతాం?"

"చిట్టు, బెల్లం, పొంగలి."

"రోజూ వేసే ఎండుగడ్డే వేస్తామా?"

"వెయ్యం."

"మరి పెళ్ళిపూట కూడా ఈ పిల్లకి ఆ చవక డీజిలేనా? వియ్యాలవారు చూస్తే ఏమనుకుంటారు, చవక మేత వేసి తోలుకొచ్చారనుకోరూ? డీజిల్ కంటే ప్రియమైంది ఏంది?"

"పెట్రోలు!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"మరి?"

అంతే, పున్నారావు సైకిలెక్కి పాలక్యాను నిండా పెట్రోలు తెచ్చాడు. యలమంద పాలమీటరు అందులో వేశాడు. పాలలో తేలే మీటరు పెట్రోల్లో బుడుంగున అడుగుకి పోయింది.

"అమ్మ దొంగలు! సగానికి సగం నీళ్ళు కలిపారు!"

"ఇప్పుడేం చేస్తావయ్యా, టైము లేదు" అంది శేషమ్మ. "చిక్కబడటానికి కాస్త బెల్లం వెయ్. పండగ మేత అయినట్టూ ఉంటది." తాంబూలం పళ్ళేనికని తెచ్చిన బెల్లం చేరెడు తీసి కలిపింది. డీజిల్ పోసే మూత మీద ఇంగ్లీషులో ఏవో పెద్దక్షరాలున్నాయి. అది కారు చేసినాయన ఇంటిపేరని వాళ్ళ ఉద్దేశం. మూత తీసి మేతంతా పోసేశారు.

"కడుపునిండా తిను తల్లీ" అంది రత్తమ్మ.

పెళ్ళివారు బయల్దేరారు. చింతలవరం మూడు క్రోసుల దూరం. కారులో బరువు వేయకూడదు కాబట్టి అంకబాబు ఒక్కడే కారులో కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు కారు వెనకాల నడిచారు. పెళ్ళికొడుకు పట్టుబట్టలతో, నుదుట కల్యాణం బొట్టుతో, బుగ్గన చుక్కతో, చెప్పులు చేత పట్టుకుని నడిచాడు. వాళ్ళ వెనక ఇరవై గేదెలు. రంగనాయకులు శుభలేఖలో 'సకుటుంబ సపరివార సమేతంగా' రమ్మన్నాడు. ఒక్క గేదెని వదిలేసినా పెద్దమనిషి మాట తీసేసినట్టవుతుందని యలమంద భయం.

కారు కాలవ లాకుల దాకా బాగానే పోయింది. అక్కడ ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. లోపల ఎవరో గుండ్రాళ్ళు దంచుతున్నట్టు టకటకా మోగింది. వెనక నుంచి తెల్లటి పొగ వచ్చింది. కారు నిలబడిపోయింది.

యలమంద ముందుకెళ్ళి బానెట్టు మీద చెవి పెట్టి, రెండుసార్లు తట్టి చూశాడు. "కడుపుబ్బరం" అన్నాడు. "ఎప్పుడూ తినని ప్రియమైన మేత. అలవాటు లేక అరగలా."

"వాముందా వదినా?" అన్నాడు అంకబాబు.

శేషమ్మ పెళ్ళిళ్ళకి వాము లేకుండా వెళ్ళదు. కొంగుముడి విప్పింది. కాలవ నీళ్ళలో వాము, చిటికెడు ఇంగువ కలిపి, గేదెకి పట్టినట్టే వెదురు గొట్టంతో కారు నోట్లో, అదే, డీజిల్ పోసే చోట పోశారు. అంకబాబు తాళం తిప్పాడు. ఇంకేముంది, ఆ వచ్చే కాస్త పొగ కూడా ఆగిపోయింది.

"పొగ ఆగింది! గ్యాసు తగ్గింది!" అని రత్తమ్మ చప్పట్లు కొట్టింది.

గ్యాసు తగ్గింది గానీ కారు కదల్లేదు. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. అవతలి గట్టు నుంచి సన్నాయి వినపడుతోంది, చింతలవరంలో మంగళవాద్యాలు మొదలయ్యాయి. పున్నారావు గట్టు మీద కూలబడ్డాడు. బుగ్గచుక్క చెమటకి కారిపోయింది.

"అన్నా, అక్కడ వాడు పట్టుపంచె కట్టుకుని కూర్చుని ఉంటాడు. నడిచి వెళ్దామంటే కారులోంచే దిగాలన్నాడు. నేనేం పాపం చేశా? ముప్పై నాలుగేళ్ళొచ్చినయ్యి. ఒక్కసారన్నా ఎవరన్నా నా కోసం ఎదురు చూస్తారనుకున్నా."

యలమంద తమ్ముడి పక్కన కూర్చుని, కండువాతో వాడి ముఖం తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ వెనక్కి చూశాడు. ఇరవై గేదెలు నెమరేస్తూ నిలబడి ఉన్నాయి.

"ఒరే" అన్నాడు. "కారులోంచి దిగమన్నాడు గానీ, కారు దానంతటది నడవాలని అన్నాడంట్రా?"

"అన్లా" అన్నాడు పున్నారావు, ముక్కు ఎగబీలుస్తూ.

అంతే. పలుపు తీశారు, నాలుగు బలమైన గేదెల్ని కట్టారు. మిగిలిన పదహారూ వెనక నుంచి కొమ్ములతో నెట్టాయి, వాటి తొందర వాటిది. కారు కదిలింది. కొంత దూరం పోయాక అంకబాబు లోపల్నుంచి పెద్ద కేక పెట్టాడు.

"అన్నా! ఇంజను ఆగే ఉంది! ముల్లు కదల్లా! చుక్క ఖర్చు కాకుండా పోతన్నాం!"

"మరి! ఆ అబ్బాయి చెప్పలా, ఇంజను ఆపేస్తే ఆదా అని! మనమే ఇన్నాళ్ళూ ఆపకుండా తిప్పాం" అన్నాడు యలమంద.

పెళ్ళిపందిరి కనపడింది. పున్నారావు పరుగెత్తి కారెక్కాడు. సీటు లేదు కాబట్టి వెంట తెచ్చిన పాలక్యాను బోర్లేసుకుని కూర్చున్నాడు. పందిట్లో రంగనాయకులు మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. మేనల్లుడు తల మీద అప్పుడే జీలకర్రా బెల్లం పెట్టినట్టు కళ్ళు మూసుకుని పీట పక్కనే కూర్చుని ఉన్నాడు. పురోహితుడు, "ఏమండీ, ఎవరి గోత్రం చెప్పమంటారు?" అని అడుగుతున్నాడు.

పందిరి వెనక వంటలు. అక్కడ బియ్యం కడిగిన కుడితి తొట్లు నిండుగా ఉన్నాయి. మూడు క్రోసులు ఎండలో నడిచిన గేదెలకి ఆ వాసన తగిలింది. ఇంకేముంది! నాలుగూ తోకలెత్తి పరుగు. వెనకాల కారు. కారులో అంకబాబు.

"బ్రేకు తొక్కరా!" అని యలమంద కేక.

"తొక్కితే మైలేజీ పోదా?"

కారు పందిట్లోకి వచ్చింది. బంతిపూల దండలు తెంపుకుని, సన్నాయివాళ్ళని చెరో వైపుకి పంపి, కుర్చీల మధ్య నుంచి తిన్నగా పెళ్ళిపీటల దగ్గరికి వచ్చింది. మేనల్లుడు కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఎర్ర కొమ్ముల కారు, దాని ముందు నాలుగు గేదెలు. వాడు లేచిన వాడు లేచినట్టే గోడ దూకాడు. ఆ పట్టుపంచె గోడ మీద మిగిలింది. కారు పందిరి గుంజకి తగిలి ఆగింది.

తలుపు తెరుచుకుంది. పున్నారావు దిగాడు. దిగిన చోటే పీట ఉంది.

రంగనాయకులు తెగిపడిన దండల వంక చూశాడు. చివరికి, "నేను పందిట్లో కారులోంచి దిగాలన్నాను. అంటే మాత్రం..." అన్నాడు.

"దిగాడుగా బావగారూ!" అన్నాడు యలమంద. "పదకొండుకి ఇంకా టైముంది కూడానూ. మీ మాట మీద మాకు గౌరవం."

అడ్డుతెర వెనక నుంచి కిలకిలా నవ్వు వినిపించింది. నీరజ. "నాన్నా, మీరు అన్నట్టే దిగాడు కదా. మాట అంటే మాటే" అంది.

రంగనాయకులు పురోహితుడి వైపు తిరిగి, "ఆ గోత్రమే చెప్పండి" అన్నాడు. పెళ్ళయింది. గేదెలు కుడితి తాగాయి.

కొత్తకోడలు కాపురానికి వస్తోందంటే పెద్దదొడ్డిలో కాస్త బెరుకు పుట్టింది. బియ్యే చదివిన పిల్ల. మన లెక్కల్లో తప్పులు పడుతుందేమో అని యలమంద మనసులో పీకింది. వచ్చిన మూడో రోజున తెనాలి మెకానిక్కు కారు విప్పి చూసి, "ఇంజను పోయింది. కొత్తది వేయించాలంటే మీరు ఇంకో పొలం చూసుకోవాలి" అని చెప్పి వెళ్ళాడు. అందరూ దిగాలుగా అరుగు మీది సీటులో ఒకళ్ళ మీద ఒకళ్ళు కూర్చున్నారు.

నీరజ చాలాసేపు ఆలోచించింది. "బావగారూ, నాకు తెలియక అడుగుతాను. కారులో డీజిల్ తాగేది ఏదండీ?"

"ఇంజనమ్మా."

"అన్నిటికంటే బరువైంది ఏదండీ?"

"అదేనమ్మా."

"మరి తాగేదీ అదే, బరువైందీ అదే అయితే, అది ఇంకా కారులో ఎందుకండీ?"

రత్తమ్మ లేచి కోడలి బుగ్గలు పుణికి, మెటికలు విరిచింది. "మనింటి పిల్లేరా! మనింటి పిల్లే!" అంది. పున్నారావు పెళ్ళాం వైపు చూసిన చూపు చూడాల్సింది.

ఇంకేముంది, ఆ సాయంత్రమే ఇంజను దింపేశారు. మర్నాటి నుంచి నాలుగు గేదెలు కారుని లాక్కుంటూ వామి చుట్టూ తిరుగుతున్నాయి, నెలకి రెండు వేల కిలోమీటర్ల లెక్క తప్పకూడదు కదా. పున్నారావూ నీరజా లోపల పాలక్యాన్ల మీద కూర్చుని షికారు చేస్తున్నారు.

దింపిన ఇంజనుని గేదెల వరసలో, కొత్త పలుపుతో కట్టేశారు. "పాపం జబ్బు చేసింది, మాడ్చకూడదు" అని నీరజే పొద్దునా సాయంత్రం దాని ముందు తొట్టి పెట్టి, నిండా డీజిల్ పోస్తుంది. అది ముట్టదు. పూట మారగానే పారబోసి తాజాది పోస్తుంది.

రత్తమ్మ అరుగు మీద నుంచి అది చూసి మురిసిపోయి, "తెలివికి తెలివి తోడైందిరా అబ్బాయ్" అంది.

"ఇప్పుడు ఊళ్ళో పంచొచ్చంటావా అమ్మా?" అన్నాడు యలమంద.

"ఆ, ఇప్పుడు పంచరా. ఇంక అయిపోదు."

ఆ కారుకి కాలవ పక్క మాగాణి రెండెకరాలు పోయింది.